యుద్ధము ముగిసిన పిమ్మట సైనికుని మనస్సు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపు మూయకుండ నిలుచుట సామాన్యమైన సంగతి గాదు. సాయంకాలమున తాళము తీసి దీపము పెట్టినవారు, చిరిగిన పుస్తకమునకు అట్ట వేసినవారు, చందాలకై ఇంటింటికి తిరిగినవారు, వీరందరి ఓర్పు ఈ రజతోత్సవమున ఫలించినది. వారికి నా నమస్కారములు. ఇట్టి సభలలో సాహిత్యమును గూర్చియో, విద్యావ్యాప్తిని గూర్చియో ప్రసంగించుట వాడుక. నేను మాత్రము నేడు మరియొక విషయమును ఎత్తుకొనుచున్నాను. సైన్యమున పనిచేసి యిల్లు చేరిన మన బిడ్డల మనస్సులకు తగిలిన గాయమును గూర్చి, ఆ గాయము మానుటకు మనము చేయదగిన సాయమును గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. గ్రంథాలయమునకు దీనితో ఏమి పని యని మీకు తోచవచ్చును. ఆ సంగతి చివరకు చెప్పెదను.

మన పెద్దలు ప్రళయకావేరి యని పిలిచిన ఈ పులికాట్ సరస్సు చుట్టునుగల గ్రామములలో వల వేసి బ్రతుకువారు, మడి దున్ని బ్రతుకువారు, శ్రీహరికోటకు పనికి పోవువారు కలరు. వారితోబాటు పటాలమున చేరి దూరప్రాంతములలో పనిచేసి వచ్చినవారును అక్కడక్కడ ఉన్నారు. పశ్చిమగోదావరి జిల్లాలో మాధవరమను గ్రామము కలదు. ప్రథమ ప్రపంచ యుద్ధకాలమునుండి ఆ యూరివారు తరతరములుగా సైన్యమున చేరుచున్నందున దానికి మిలిటరీ మాధవరమను పేరు స్థిరపడినది. అట్టిచోట ఒక మాజీ సైనికుని బాధ పొరుగింటి మాజీ సైనికునికి తెలియును. ఊరికి ఒకరో యిద్దరో యున్న మనవంటి చోట ఆ మనిషి ఒంటరివాడు. అతని పేరు మరచి ‘మిలిటరీ’ యని పిలుతుము. అతడు సియాచిన్ మంచులో కావలి కాచెనో, 1999లో కార్గిల్ కొండ లెక్కెనో, 1987 నుండి 1990 వరకు శ్రీలంకలో నుండిన శాంతిసేనలో పనిచేసెనో అడిగి తెలిసికొనువారు అరుదు. రైలు దిగిన దినమున పూలమాల వేయుదుము. ఆ మాల వాడిన తరువాత అతడు రాత్రులు నిద్ర పోవుచున్నాడా లేదా యని విచారించువారు లేరు.

సైనికుడు ఇల్లు చేరునపుడు ఇంటివారు అతనిని ఎట్లు ఎదుర్కొనవలెనను ప్రశ్న మనకు క్రొత్తది గాదు. 2022లో తిరుపతి జిల్లాలో చేరువరకు మన ప్రాంతము నెల్లూరు జిల్లాలోనిదే. ఆ నెల్లూరి సీమలో ఏడువందల యేండ్లకు పైబడి చెప్పుకొనుచున్న కథ యొకటి కలదు. మనుమసిద్ధి రాజు కాలమున పశువుల మేతకు పుల్లరి చెల్లించు విషయమై కాటమరాజుతో యుద్ధము వచ్చెను. మనుమసిద్ధి సేనానియగు ఖడ్గతిక్కన ఆ యుద్ధమున ఓడి యిల్లు చేరెను. భార్య ఆడువారికి పెట్టినట్లు పసుపు ముద్ద పెట్టి, మంచము చాటు చేసి, స్నానమునకు నీళ్లు తోడినదట. తల్లి విరిగిన పాలు వడ్డించి, నీవు విరిగివచ్చితివి గనుక పాలును విరిగినవని పలికినదట. ఆ మాటలు సహింపలేక ఖడ్గతిక్కన మరల రణభూమికి పోయి ప్రాణములు విడిచెను.

ఈ కథను మనము వీరమాత, వీరపత్నుల కథగా చెప్పుకొని గర్వించితిమి. గర్వింపవలదని నేననను. కాని ఒక్కసారి ఆ గుమ్మములో నిలుచున్న మనిషి పక్షమున ఆలోచింపుడు. తనతో బయలుదేరిన వారెందరో కూలగా చూచి వచ్చినవాడు ఆతడు. ఏమి చూచితివని ఆ యింట ఎవ్వరును అడిగినట్లు కథ చెప్పదు. అతనికి దొరకినది ఎత్తిపొడుపు మాత్రమే. దాని ఫలితము మరణము.

ఇక రెండవ వైపు చూడుడు. ఆ ఖడ్గతిక్కన, మహాభారతమును విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు తెనిగించిన కవి తిక్కన, ఒకే వంశమువారు, అన్నదమ్ముల బిడ్డలు. ఈ తిక్కన చేతిమీదుగనే శాంతిపర్వము మనకు తెలుగున లభించినది. అందు ధర్మరాజు గెలిచినవాడు, ఓడినవాడు గాడు. అయినను యుద్ధము ముగిసిన పిమ్మట అతని మనస్సు కుదుటబడలేదు. కర్ణుడు తన యన్నయని తెలిసికొని కుమిలిపోయెను. రాజ్యము వలదు, అడవికి పోయెదననెను. తమ్ములును ద్రౌపదియు మాటలాడిరి, కొందరు నిష్ఠురముగను పలికిరి. వ్యాసుడు, కృష్ణుడు ఓపికతో బోధించిరి. అంతటితో చాలక అంపశయ్యమీదనున్న భీష్మునికడకు కొనిపోయిరి. ధర్మరాజు అడుగుచునే యుండెను, భీష్ముడు చెప్పుచునే యుండెను. ఒక పర్వమంతయు ఆ సంభాషణమే. గెలిచిన రాజునకే అంత ఓదార్పు అవసరమైనపుడు మన యూరి జవానునకు అక్కరలేదని యెట్లందుము? ఒకే యింట పుట్టిన ఇద్దరు తిక్కనలు మనకు రెండు దారులు చూపిరి. ఒకటి విరిగిన పాలు పోయు దారి. రెండవది కూర్చుండి వినిపించుకొను దారి. మనము రెండవదానిని ఎన్నుకొనవలెనని నా మనవి.

వైద్యశాస్త్రమునకు ఈ సత్యము తేలికగా తెలియలేదు. 1914 నుండి 1918 వరకు జరిగిన ప్రపంచ యుద్ధములో దేహముపై గాయము లేకుండనే మాట పడిపోయినవారు, చేతులు వణకువారు, నిద్రలో కేకలు పెట్టువారు వేలకొలది ఆసుపత్రులకు వచ్చిరి. 1915లో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు ఒక వైద్యపత్రికలో దీనిని ‘షెల్ షాక్’ అను పేరుతో వర్ణించెను. ఫిరంగి గుండు ప్రేలుటచే మెదడు అదిరి యుండునని మొదట తలంచిరి. గుండు దగ్గర లేనివారికిని అవే లక్షణములు కనబడగా, ఇది మనస్సునకు తగిలిన దెబ్బయని క్రమముగా గ్రహించిరి. అప్పటికే కొందరియెడ ఘోరము జరిగిపోయెను. పారిపోయినారనియు, పిరికితనము చూపినారనియు, మరికొన్ని నేరములు మోపియు బ్రిటిషు సైన్యము ఆ యుద్ధములో 306 మంది తన సైనికులను కాల్పించెను. వారిలో కొందరు ఈ జబ్బుతో బాధపడినవారే. 2006లో గాని బ్రిటిషు పార్లమెంటు వారికి క్షమాభిక్ష నొసగలేదు. తొంబది యేండ్లకు వచ్చిన ఆ క్షమను అందుకొనుటకు వారిలో ఎవ్వరును మిగిలియుండలేదు.

ఆ కాలముననే సరియైన దారి చూపిన వైద్యులును లేకపోలేదు. వారిలో ఒకడు డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్. ఈయన 1901, 1902లలో మన నీలగిరులకు వచ్చి తోడా జాతివారి ఆచారములను పరిశీలించి, 1906లో వారినిగూర్చి ఒక గ్రంథము ప్రకటించిన పండితుడు. కొండజాతివారి మాటలు ఓపికతో వినుట నేర్చిన ఈయన, యుద్ధకాలమున స్కాట్లండులోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో సైనికుల మాటలను అదే ఓపికతో వినెను. “అదంతయు మరచిపొమ్ము, తలచుకొనకుము” అని అందరును రోగులకు చెప్పుచుండగా, ఆ సలహాయే రోగమును పెంచుచున్నదని రివర్స్ కనిపెట్టెను. పగలంతయు అణచిపెట్టిన జ్ఞాపకము రాత్రి కలగా వచ్చి పీడించును. మన సరస్సు ముఖద్వారము ఇసుక మేటవేసి పూడిపోయినపుడు లోని నీరు నిలిచిపోయి చేపకు కీడు కలుగును గదా. పూడిక తీసి సముద్రపు పోటు లోనికి వచ్చిననే సరస్సు తేరుకొనును. మనస్సు విషయమును ఇట్టిదే. అయితే పూడిక తీయుట తెలిసినవారు తీయవలెను.

అదే ఆసుపత్రిలో 1917లో విల్ఫ్రెడ్ ఓవెన్ అను యువకవి చికిత్స పొందెను. అతనిని చూచిన డాక్టరు ఆర్థర్ బ్రాక్ చేతికి పని యిచ్చుటయే మందు అని నమ్మినవాడు. ఆసుపత్రి పత్రికకు ఓవెన్‌ను సంపాదకుని చేసిరి. కోలుకొని అతడు తిరిగి యుద్ధమునకు పోయెను. మిలిటరీ క్రాసు పతకము పొందదగిన సాహసము చూపెను. యుద్ధము ముగియుటకు ఒక వారము ముందు, 1918 నవంబరు 4న మరణించెను. మనస్సు గాయపడినవాడు పిరికివాడనుట ఎంత అసత్యమో ఈ యొక్క జీవితమే చెప్పుచున్నది.

తరువాత వియత్నాము యుద్ధమునుండి వచ్చిన అమెరికా సైనికులు 1970 ప్రాంతమున తమలో తాము గుంపులుగా కూర్చుండి అనుభవములు చెప్పుకొనసాగిరి. కొందరు వైద్యులు వారి ప్రక్కన చేరిరి. ఆ కృషి ఫలముగా 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము ఈ వ్యాధిని తమ రోగముల పట్టికలో చేర్చినది. దానిని నేడు పి.టి.ఎస్.డి. యనుచున్నారు. మన భాషలో ఆఘాతానంతర మానసిక వ్యాధి యనవచ్చును. ఇది సైనికులకే గాక తుపానులో, ప్రమాదములో, దౌర్జన్యములో చిక్కినవారికిని రాగలదు.

దీని లక్షణములు ఇంటివారు తెలిసికొనదగినవి. జరిగిపోయినది మరల కన్నులయెదుట జరుగుచున్నట్లుండుట, పీడకలలు వచ్చుట మొదటిది. దానిని గుర్తుచేయు స్థలములను, మనుష్యులను, మాటలను తప్పించుకొని తిరుగుట రెండవది. ప్రేమ, సంతోషము మొద్దుబారుట, తప్పు తనదేయని కుమిలిపోవుట మూడవది. చిన్న చప్పుడునకే అదరిపడుట, అకారణముగ కోపము వచ్చుట, నిద్ర పట్టకుండుట నాలుగవది. శ్రీహరికోటనుండి రాకెట్టు లేచునపుడు మన తలుపులు కిటికీలు అదరును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఆ క్షణమున ఒక మాజీ సైనికుడు గోడకు చేరబడి చెమటలు క్రక్కుచున్నచో నవ్వకుడు. దీపావళినాడు అతడు ఇంటిలోనికి పోయి తలుపు వేసికొనినచో వేళాకోళమాడకుడు. అతని చెవి ఆ ధ్వనిని మనవలె వినుట లేదు.

ఇచట ఒక మాట స్పష్టముగ చెప్పవలెను. సైన్యమునుండి వచ్చిన ప్రతివాడును రోగి గాడు. ఘోరమును చూచినవారిలో పెక్కుమంది తమంతట తామే కొలదికాలమున కోలుకొందురు. లక్షణములు ఒక నెలకు మించి నిలిచి, పనికిని కాపురమునకును అడ్డు వచ్చునపుడే వైద్యుని చూడవలెను. అన్ని బాధలకును యుద్ధమే కారణము గాదు. పదునైదు, ఇరువది యేండ్లు గంట కొట్టినట్లు జరిగిన జీవితము ఒక్క దినమున ఆగిపోవుట, నలువది యేండ్లకే పింఛనుదారుడగుట, ఎదిగిన బిడ్డలకు తాను క్రొత్తవాడగుట, ఇవియు మనస్సును క్రుంగదీయును. అట్టి సమయమున క్యాంటీనులో దొరకు సీసా నిద్రమందుగా మారును. మద్యము నిద్ర పట్టించినట్లే కనబడి, అర్ధరాత్రి మేలుకొలిపి, పీడకలలను పెంచి, మందుల గుణమును చెడగొట్టును. తాగుబోతని నిందించుటకు ముందు, ఏ బాధను అణచుటకు త్రాగుచున్నాడో విచారింపుడు.

ఈ వ్యాధికి చికిత్స కలదు. శిక్షణ పొందిన మనోవైద్యుడు రోగిచేత ఆ జ్ఞాపకమును కొంచెము కొంచెముగ, భయము తగ్గునట్లు చెప్పించును. అతడు తప్పించుకొను పనులను ఒక్కొక్కటిగ చేయించును. అవసరమైనచో మందులు ఇత్తురు. మందుల గుణము తెలియుటకు కొన్ని వారములు పట్టును గనుక, నాలుగు దినములు మ్రింగి పనిచేయలేదని పారవేయరాదు. గుణము కనబడగానే తమంతట మానరాదు. యుద్ధరంగ వైద్యమునకు 1917లో అమెరికా వైద్యుడు థామస్ సాల్మన్ మూడు సూత్రములు చెప్పెను. చికిత్స దగ్గరలో జరుగవలెను, ఆలస్యము లేకుండ జరుగవలెను, కోలుకొందువను నమ్మకముతో జరుగవలెను. యుద్ధరంగమునకు చెప్పిన ఈ మూడును మన యిండ్లకును పనికివచ్చును.

దగ్గరలో అన్నప్పుడు కుటుంబము జ్ఞప్తికి వచ్చుచున్నది. పూర్వము మనోవ్యాధి యనగా గోడల వెనుక బంధించుటయే. మనకు సమీపమున మద్రాసులో 1794లోనే అట్టి ఆలయము వెలసెను. అదే కాలక్రమమున కీల్పాకము ఆసుపత్రియై నేడును పనిచేయుచున్నది. ఆ పద్ధతిని మార్చినవారు మనవారే. 1950 ప్రాంతమున అమృతసరములో డాక్టరు విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించి, రోగుల బంధువులను వారితో నివసింపజేసెను. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు బాగాయములో నెలకొల్పిన మానసిక ఆరోగ్యకేంద్రమునందు కుటుంబసభ్యుడు రోగితోనుండుట నియమముగనే పెట్టిరి. ఇంటివారు జబ్బు స్వభావము తెలిసికొని పోవుటచే రోగికి మరల ఇల్లు దొరకెను. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1974లో ఏర్పడి వైద్యమునకును పరిశోధనకును పేరుగాంచినది. తిరుపతి రుయా ఆసుపత్రిలోను మనోవైద్యులు కలరు. ఇవన్నియు మనకు అందుబాటులోనివే.

గుడికి గాని, దర్గాకు గాని తీసికొనిపోవుటను నేను కాదనను. ప్రార్థన మనస్సునకు బలము. కాని ప్రార్థనతోబాటు మందు కూడ ఉండవలెను. సంకెల మాత్రము ఉండరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు 28 మంది మంటలలో చిక్కి మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము సంకెల వేయుటను నిషేధించినది. ప్రభుత్వ వైద్యము పొందుట ప్రతి పౌరుని హక్కనినది. ఆత్మహత్యకు యత్నించినవానిని శిక్షింపక, తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా భావించి సాయము చేయవలెననినది.

మాజీ సైనికులకు ప్రత్యేకముగ గల సౌకర్యములను క్లుప్తముగ చెప్పెదను. 2003 ఏప్రిలులో ప్రారంభమైన ఈ.సి.హెచ్.ఎస్. అను వైద్యపథకము పింఛను పొందు మాజీ సైనికునికి, అతని భార్యకు, ఆధారపడినవారికి వర్తించును. దేహరోగములకువలెనే మనోరోగములకును అందు వైద్యము కలదు. ఉద్యోగకారణమున కలిగిన వ్యాధికి వికలాంగ పింఛను కోరవచ్చును. సైన్యమున చేరునాటికి ఆరోగ్యవంతుడని నమోదైనవాని పక్షముననే సందేహలాభము నిలువవలెనని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పినది. 2023లో నియమములు మారినవి గనుక, డిశ్చార్జి పుస్తకమును, ఆసుపత్రి కాగితములను భద్రపరచుకొని, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున విచారించి దరఖాస్తు చేయుట మేలు. 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను సేవ ప్రారంభమైనది. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను, రుసుము లేకుండ, తెలుగులోనే మాటలాడవచ్చును. సైనికులకును వారి కుటుంబములకును 2023 డిసెంబరులో పూనాలోని సైనిక వైద్యకళాశాలలో దీనికి ప్రత్యేక విభాగము నెలకొల్పిరి. ఈ సంఖ్యను నేడే గోడమీద వ్రాసికొనుడు.

ఇక ఇంటివారికి, ముఖ్యముగ తల్లులకు, ఇల్లాండ్రకు నాలుగు మాటలు. ఎందరిని చంపితివని అడుగకుడు. ఏమి జరిగెనో చెప్పుమని బలవంతము చేయకుడు. అతడు చెప్పదలచిననాడు మధ్యలో మాట త్రుంపక వినుడు. నిద్రలో కేకలు వేయుచున్నచో మీదపడి కుదుపక, కొంచెము దూరమునుండి పేరు పెట్టి పిలువుడు. అతని కోపము చేతివరకు వచ్చినచో బిడ్డలతోసహా ప్రక్కయింటికి పోవుట తప్పు గాదు. సైనికుని గౌరవము కొరకు ఇల్లాలు దెబ్బలు సహింపవలెనను ధర్మము లేదు. బ్రతుకవలెనని లేదన్న మాట అతని నోట వచ్చినచో తేలికగా తీసికొనకుడు. “చనిపోవలెనని తోచుచున్నదా?” యని సూటిగా అడుగుడు. అడిగినంతమాత్రమున లేని తలంపు పుట్టదు. అడిగినవారున్నారను ధైర్యము పుట్టును. అట్టి సమయమున అతనిని ఒంటరిగా విడువకుడు; పురుగుల మందును, తుపాకి యున్నచో దానిని, అందకుండ తీసివేయుడు; వైద్యుని పిలువుడు. బాధను మోయు ఇల్లాలికిని విశ్రాంతి కావలెనని బంధువులు గుర్తింపవలెను.

చివరకు గ్రంథాలయము మాట. ప్రథమ ప్రపంచ యుద్ధములో 1917 మొదలు అమెరికా గ్రంథాలయ సంఘమువారు సైనికుల శిబిరములకు, ఆసుపత్రులకు పుస్తకములు చేర్చిరి. రోగికి మందుతోబాటు చదువును ఊరట యగునని వైద్యులు గుర్తించిరి. మన గ్రంథాలయమునకు మరియొక యోగ్యత కలదు. ఆసుపత్రి గడప త్రొక్కుటకు మన పల్లెలలో సిగ్గుపడుదురు. గ్రంథాలయమునకు వచ్చుటకు ఎవ్వరును సిగ్గుపడరు. కావున కార్యవర్గమువారికి నాదొక మనవి. చుట్టుప్రక్కల గ్రామములలోని మాజీ సైనికులను నెలకొక సాయంకాలము ఇచటికి పిలువుడు. ఉపన్యాసములు వలదు, టీ యిచ్చి, కుర్చీలు వేసి, వారిని వారితో కూర్చుండనిండు. పింఛను కాగితములు నింపుటలో ఒకరికొకరు తోడగుదురు. ఆ మాటలలోనే అసలు మాటలు బయటపడును. సైన్యమున చేరగోరు కుఱ్ఱవారికి తర్ఫీదు ఇచ్చు పని వారికి అప్పగింపుడు. ఇష్టమైనవారి అనుభవములను వ్రాయించి భద్రపరచుడు. బ్రాక్ వైద్యుడు ఓవెన్‌కు పత్రిక నిచ్చినట్లు, మనమును వారి చేతికి ఒక పని నిచ్చినవారమగుదుము. డిసెంబరు 7వ తేది 1949 నుండి సాయుధదళముల పతాక దినముగా జరుగుచున్నది. ఆనాడు జెండా గుర్తు కొని జేబున గ్రుచ్చుకొనుటతో మన ఋణము తీరదు. ఆ దినమునే మొదటి సమావేశము జరుపుడు.

ఇంతకాలము ఈ గ్రంథాలయము తలుపు తెరచి యుంచినవారికి, ఆ తలుపు మన యూరి సైనికునికొరకు ఇంకొంచెము వెడల్పుగ తీయుట కష్టము గాదని నా విశ్వాసము.